ఇరవై నాలుగు గంటల సీసా

మార్చి 6, 1978

అవ్వ కుడిచేతి వేళ్ళ కొసలు తెల్లగా పొక్కి ఉన్నాయి. ఉదయం అమ్మకు పాల చెంబు అందిస్తుంటే చూశాను. ఏమైందని అడిగితే, తాంబూలం సున్నం కొట్టిందంది. సున్నం రాసుకునేది ఒక వేలితో. పొక్కినవి నాలుగూ.

ఈ రోజు సీసా రోజు. ఆరు గంటలకు మొదటిది పారబోయాలి. అప్పటినుంచి రేపు ఆరు వరకూ వచ్చినదంతా సీసాలోకి. ఒక్కసారి కూడా మరిచిపోకూడదు. డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది, మొదట ఇంగ్లీషులో, నేను తల దించుకునే ఉంటే మళ్ళీ తమిళంలో.

గోధుమరంగు గాజు సీసా. నిన్న నాయన పెద్దాసుపత్రి నుంచి తెచ్చి వాకిట్లో పెట్టి కొట్టుకు వెళ్ళిపోయాడు. నేను చూసేసరికి నా గదిలో స్టూలు మీద ఉంది. మెడకు దారంతో కట్టిన అట్టముక్క మీద నా పేరు, టి. కమల. గాజు తళతళలాడుతోంది. ఆసుపత్రిలో ఇంత శుభ్రంగా ఉంచుతారని అనుకోలేదు.

తలుపు గడియ బయటివైపే ఉంది. లోపలినుంచి కుర్చీ ఆనించాను.

పోయడానికి గరాటు కావాలి. కింద కొట్లో ఉన్నది ఒకటే, కాఫీ పొడి డబ్బాల్లో పోసేది. అమ్మ దాన్ని తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి, నా ముఖం చూడకుండా, ఇది మళ్ళీ కిందికి తేవద్దంది.

అదే రోజు, పది గంటలకు

మూడు రోజులుగా కాఫీ లేదు. అరటిపండు లేదు. అవి కడుపులో పడితే లెక్క తప్పుతుందట. కింద గింజలు వేగుతున్నాయి. వాసన మెట్లెక్కి వస్తోంది. ఈ వాసన కూడా లెక్కలోకి వస్తుందా అని డాక్టరమ్మను ఆ రోజే అడగాల్సింది.

కిడ్నీ పైన చిన్న గడ్డ ఉండవచ్చట. అది ఉండి ఉండి రక్తంలోకి ఏదో వదులుతుంది. అప్పుడే నాకు గుండె కొట్టుకోవడం, తల పగలడం, చెమటలు. ఆ వదిలినదే తరువాత మూత్రంలో దిగుతుంది. దాన్ని కొలుస్తారు.

కొలుస్తారు. ఆ మాట పట్టుకుని కూర్చున్నాను. రెండేళ్ళుగా అమ్మ నటన అన్నదీ, నేను పాఠాలు చెప్పే కాన్వెంటులో మదర్ పిరికితనం అన్నదీ, వీధి చివర డాక్టరు పెళ్ళయితే పోతుందన్నదీ... అది ఒక సీసాలో పట్టి కొలవగలిగినదైతే.

ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా అని డాక్టరమ్మ అడిగింది. నాయన వెంటనే, ఎవురికీ లేదన్నాడు.

సాయంత్రం

ఈ రోజు రావాలని కోరుకున్నాను. రాకపోతే సీసాలో ఏముంటుంది?

వచ్చింది. కింద పడిన పుస్తకం కోసం వంగాను. కడుపులోంచి ఏదో పైకి ఎగదన్నింది. గుండె గొంతులో. వేళ్ళు తెల్లబడ్డాయి, రవిక తడిసి ఒంటికంటుకుంది. చచ్చిపోతున్నానన్న భయం ఎప్పటిలాగే. కానీ దాని వెనక చిన్న సంతోషం. మొదటిసారి.

నిలబడగలిగాక మొదట చేసిన పని సీసా దగ్గరకు వెళ్ళడం.

మార్చి 7

సీసాను కొట్టు పేరున్న పసుపు సంచిలో పెట్టి ఇచ్చాడు నాయన. తాను రాలేదు. సరుకు దిగే రోజు.

బస్సులో మా వెనక వీధి ఆండాళమ్మత్త. సంచి చూసింది.

"ఏంది కమలా, కాఫీ పొడి యాడికి మోసకపోతా ఉండావు?"

ఆసుపత్రికన్నాను. అబద్ధం కాదు.

"ఓహో, డాక్టర్లకా! మాకైతే మీ నాయన సగం చికోరీ కొడతాడు. వాళ్ళకు అచ్చం గింజలేనా? ఏదీ, వాసన చూడనీ."

చెయ్యి చాపింది కూడా. సంచి మూతి గట్టిగా పట్టుకున్నాను. బస్సంతా నవ్వు. ఇంకో రోజైతే నేనూ నవ్వేదాన్నేమో. ఒళ్ళో సీసా వెచ్చగా ఉంది. దిగేవరకూ కిటికీలోంచి బయటికే చూశాను.

కౌంటరులో మనిషి సంచిలోంచి తీసి, వెలుతురుకు ఎత్తి పట్టి, అందరి ముందూ నా పేరు చదివాడు.

మార్చి 9

కాఫీ తాగాను. ఇన్ని రోజులు ఎదురుచూసినది ఇదేనా.

మార్చి 15

డాబా మీద ఆరిన బట్టలు తీస్తుంటే మళ్ళీ. పిట్టగోడ పట్టుకుని కూర్చుండిపోయాను. అమ్మ పైకొచ్చి చూసి, బట్టలు తీసుకుని వెళ్ళింది. మెట్ల మీదనుంచి ఆమె అవ్వతో అనడం వినిపించింది. పని చెప్పినప్పుడే వస్తాదే, అదేం జబ్బో.

నిజమే. పని చేసినప్పుడే వస్తుంది. వంగినప్పుడు, ఎత్తినప్పుడు. ఇది నేనే డాక్టరమ్మకు చెప్పాను. అమ్మకు రుజువుగా కనిపించేదే ఆమెకూ రుజువుగా కనిపించింది, వేరే దానికి.

మార్చి 18

మదర్ కబురు పంపారు. ఒకటో తరగతికి వేరే టీచరును తీసుకున్నారట. నీ ఆరోగ్యం కోసమే అని రాశారు. చక్కని దస్తూరీ. ఆ దస్తూరీ చూసే నేను నా అక్షరాలు దిద్దుకున్నాను, పదేళ్ళ వయసులో.

తరగతిలో పిల్లల ముందు కూలబడిన రోజు, ఒక చిన్నది తన నీళ్ళ సీసా తెచ్చి నా తల దగ్గర పెట్టింది. దాని పేరు గుర్తు రావడం లేదు. ఉదయం నుంచీ ప్రయత్నిస్తున్నాను.

మార్చి 22

డాక్టరమ్మ సెలవులో ఉంది. ఆమె కుర్చీలో వేరొకాయన. కాగితం చూసి, నాతో కాదు, నాయనతో చెప్పాడు. నార్మల్. గడ్డ లేదు, ఏమీ లేదు. నరాల బలహీనత. మనసును చూసే డాక్టరుకు చూపించండి.

నాయన చేతులు జోడించాడు.

మెట్ల మీద నా భుజం మీద చెయ్యి వేశాడు. చిన్నప్పుడెప్పుడో వేశాడు.

"ఇంక చాలు పాపా. ఏమీ లేదన్నాడు గదా. మద్రాసుకు పోదాం. నయమైపోతాది."

కోపంగా చెప్పి ఉంటే బాగుండేది.

మార్చి 23

నార్మల్.

మార్చి 24

నిన్న ఆ ఒక్క మాట రాసి పుస్తకం మూసేశాను. ఈ రోజు ఇంకో మాట వెతికాను. లేదు.

మార్చి 27

నాయనకు గింజలు పంపే మద్రాసు వర్తకుడికి ఒక డాక్టరు తెలుసట. మాటలు అయిపోయాయి. భోజనాల దగ్గర చెప్పాడు. తలకు కరెంటు పెడతారు. నిద్రపుచ్చే పెడతారు, ఏమీ తెలియదు. కొద్ది రోజుల్లో ఇంటికి తెచ్చుకోవచ్చు.

అమ్మ, జుట్టు కత్తిరిస్తారా అని అడిగింది.

అవ్వ విస్తరి ముందునుంచి లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. అన్నం అలాగే ఉంది. ఎవరూ పిలవలేదు.

మార్చి 30

చదవలేకపోతున్నాను. ఫ్రెంచివాళ్ళుండే వైట్ టౌన్ గ్రంథాలయం నుంచి తెచ్చిన రెండు పుస్తకాలూ గడువు దాటాయి. ఇదివరకు ఒక రోజు ఆలస్యమైతే నిద్రపట్టేది కాదు.

ఈ పుస్తకం ఒక్కటే. ఇంట్లో తెలుగు అందరూ మాట్లాడతారు, చదవడం ఎవరికీ రాదు. నాకు తాత నేర్పాడు. ఆయన పోయాక ఈ అక్షరాలు నాకు తాళం వేసిన గది.

ఏప్రిల్ 3

కాన్వెంటు ప్రార్థనాలయంలో కూర్చున్నాను. ఎవరూ లేరు. చిన్నప్పుడు పరీక్షలకు ముందు అందరితోపాటు ఇక్కడే మోకరిల్లేదాన్ని. మా దేవుడు కాదని అవ్వ చెప్పినా.

గడ్డ ఇమ్మని అడిగాను.

ఇలా అడిగేదాన్ని పిచ్చిది కాదని ఎవరంటారు?

ఏప్రిల్ 5

మద్రాసుకు పదిహేడో తేదీ.

ఏప్రిల్ 6

ఒంటరిగా పెద్దాసుపత్రికి వెళ్ళాను. గ్రంథాలయానికని చెప్పాను. డాక్టరమ్మ తిరిగి వచ్చిందో లేదో తెలియదు. బెంచీ మీద కూర్చుని, లేచి, గేటు దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి కూర్చున్నాను. లోపలికి వెళ్ళి ఏమనాలి? మీ కాగితం తప్పు అనా?

చివరికి ఆమే బయటకు వచ్చి చూసింది. టి. కమల కదా అంది. పేరు గుర్తుంది.

కాగితం చాలాసేపు చూసింది. సీసా ఉన్న రోజు వచ్చిందా అని అడిగింది. వచ్చిందన్నాను. గట్టిగానా? అవును. అయితే లెక్క ఇంత తక్కువ రాకూడదే, అంది. తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు. తరువాత, అడుగున ఉన్న ఆసిడ్ ఒంటి మీద పడలేదు కదా, చెప్పడం మరిచిపోయాను, అంది.

ఏ ఆసిడ్ అన్నాను.

ఆమె కలం కింద పెట్టింది.

సీసా ఇచ్చేటప్పుడే అడుగున కొంచెం ఆసిడ్ పోసి ఇస్తారట. అది లేకపోతే ఈ ఎండకు, కొలవవలసినది కొలవకముందే చెడిపోతుంది. నేను చూసినప్పుడు సీసాలో ఏమీ లేదన్నాను. పొడిగా ఉంది. మెరుస్తూ ఉంది.

అప్పుడు అవ్వ వేళ్ళు గుర్తొచ్చాయి.

మద్రాసు సంగతి చెప్పాను. కరెంటు అనగానే ఆమె ముఖం మారింది. ఇది తేలేవరకూ ఎవరూ నీకు మత్తు ఇవ్వకూడదు, కరెంటు పెట్టకూడదు, నిజంగా గడ్డ ఉంటే ప్రాణం మీదికి వస్తుంది, మీ నాన్నకు చెప్పు, అంది. నేను చెబితే వింటారా అన్నట్టు చూశాను. ఒక చీటీ రాసి ఇచ్చింది. ఇంకొక సీసా పట్టాలని.

సాయంత్రం

అవ్వ పెరట్లో చింతపండు పిసుకుతోంది, ఇత్తడి తోమడానికి. పక్కన కూర్చున్నాను. సీసా కడిగావా అవ్వా అని అడిగాను.

"కడక్కుండా? ఆసుపత్రి బుడ్డి. ఎంతమంది రోగాలు చూసుంటాదో. అట్లే ఇంట్లోకి తెస్తారా ఏంది? చింతపండేసి తోమినా. పసుపు నీళ్ళు పోసి ఎండలో బోర్లించినా."

"అడుగున ఏముండె?"

"ఏందో నీళ్ళు. కొంచెం. చెయ్యి భగ్గుమనె. చూడు, ఎంత గబ్బు బుడ్డి ఇచ్చినారో నా బిడ్డకు, అని ఇంకోసారి తోమినా."

బయటనుంచి వచ్చినదేదీ కడగకుండా ఈ గడప దాటదు. తాత కళ్ళజోడు బాగుచేయించి తెస్తే అదీ కడిగేది. నా స్కూలు పలక కడిగేది. నాయనకు ఆ సంగతి తెలుసు, అందుకే వాకిట్లో పెట్టాడు. అందరికీ తెలుసు. నాకూ.

అవ్వకు చెప్పాను. ఆ నీళ్ళే కావలసింది అని. మెల్లగానే చెప్పాను.

చింతపండు గిన్నెలో పడేసి చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

"అయితే నా వల్లేనా పాపా, నిన్ను మద్రాసుకు పంపేది?"

కాదు అనాల్సింది. ఇప్పుడు వెళ్ళి అనొచ్చు. దీపం పెట్టి, అలాగే కూర్చుని ఉంది.

ఏప్రిల్ 8

నాయన చీటీ చదివించుకున్నాడు, నాచేతే. నా గురించి రాసినది నేనే తెలుగులోకి మార్చి చెబుతుంటే నమ్మకం ఎలా కలుగుతుంది? ఆమె చిన్నపిల్ల, పెద్ద డాక్టరు లేదన్నాడు గదా, అన్నాడు. చివరికి సరేనన్నాడు. ఇంకొక్కసారి. కాగితం పదిహేడుకు ముందు వస్తే చూద్దాం. రాకుంటే బయలుదేరడమే.

బయటి లాబ్‌కు పంపాలి, తొందర పెడతాను, మాట ఇవ్వలేను అని డాక్టరమ్మ చెప్పింది. ఆ సంగతి నాయనకు చెప్పలేదు.

ఏప్రిల్ 9

మళ్ళీ కాఫీ మానేశాను.

ఏప్రిల్ 11

కొత్త సీసా స్టూలు మీద ఉంది. అడుగున నీళ్ళలాంటిది, కొద్దిగా. మూత తీస్తే ముక్కు మండుతుంది. ఇన్ని రోజులూ నన్ను ఎవరూ నమ్మకపోవడానికి కారణం ఇంత కొంచెం.

అవ్వ పక్కన చాప వేసుకుని కూర్చుంది. ఎండ తగలకుండా సీసాకు తడిగోనె కప్పి. కసువు ఊడ్చడానికి వచ్చిన మనిషిని కూడా రానివ్వలేదు. "దాన్ని ఎవురూ ముట్టద్దు. కడగద్దు," అంటోంది అందరితో. మడి కట్టుకునే మనిషి, ఆ సీసా పక్కనే పడుకుంటానంటోంది.

ఏప్రిల్ 12

ఉదయం ఆరు. మొదటిది పారబోశాను.

పది. ఏమీ లేదు. గుండె ఎవరి గుండెలాగానో నెమ్మదిగా కొట్టుకుంటోంది.

మధ్యాహ్నం. ఏమీ లేదు. ఇంత హాయిగా ఈ మధ్య ఎప్పుడూ లేను. ఏడుపొస్తోంది.

మూడు గంటలు. మెట్లు ఎక్కి దిగాను. పుస్తకాలన్నీ నేల మీద పరిచి ఒక్కొక్కటే వంగి తీసి అలమరలో పెట్టాను. మళ్ళీ కింద పరిచాను. కావాలని రప్పించుకోవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆమెకు పదిహేడో తేదీ లేదు.

నాలుగున్నర. కిందికి వెళ్ళి గింజల మూట ఎత్తబోయాను. కొట్లో మనిషి, ఏందమ్మా ఇది, అని లాక్కున్నాడు. నాయన చూశాడు. ఇలాంటివన్నీ మద్రాసులో చెప్పడానికి గుర్తుపెట్టుకుంటున్నట్టు చూశాడు.

ఇప్పుడు ఆరు కావస్తోంది. అవ్వ తలెత్తి, వచ్చిందా అని అడుగుతోంది. బస్సు గురించి అడిగినట్టు.

ఏప్రిల్ 13

పెన్సిలుతో రాస్తున్నాను, పడుకునే.

దీపాలు పెట్టే వేళకు వచ్చింది. బావి దగ్గర బిందె ఎత్తుతుంటే. ఇంతవరకూ వచ్చినవన్నీ దీనికి ముందు మాటలు. కళ్ళు కనపడలేదు. వాంతి. ఒళ్ళంతా మంచు, నీళ్ళలోంచి తీసినట్టు చెమట. నన్ను పైకి ఎవరు తెచ్చారో తెలియదు. నాయన గొంతు వినిపించింది, పాపా, పాపా అని... భయపడిన గొంతు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

అవ్వ ఒక్కతే చెయ్యవలసినది చేసింది. నన్ను కూర్చోబెట్టింది, చెంబు పట్టింది, గరాటులో పోసింది. ఒక్క చుక్క కూడా బయట పోలేదు. ఈ ఉదయం ఆరుకు చివరిది కూడా.

నేను లేవలేకపోతున్నాను. నాయన తెల్లవారుతూనే స్టేషనుకు వెళ్ళాడు. టికెట్లు మార్చడానికో, ముందే తీసుకెళ్ళడానికో అమ్మకు తెలియదు. కొట్లో మనిషిని సీసా ఇచ్చి రమ్మంటే, బేరాల వేళ, అని నసిగాడు. సీసాలో ఏముందో అతనికి తెలుసు.

అవ్వ స్నానం చేసి వచ్చింది. మడి చీర కాదు, మామూలు చీర. పసుపు సంచిలో సీసా పెట్టి, చుట్టూ తడిగుడ్డ కుక్కి, రెండు చేతులా గుండెకు ఆనించుకుంది. ఆమె ఎప్పుడూ ఆ ఆసుపత్రి గేటు దాటలేదు. ఏ బస్సో చెప్పాను. ఏ కౌంటరో చెప్పాను. డాక్టరమ్మ చేతికే ఇస్తానంది.

"కడిగినానని నేనే చెప్తా ఆయమ్మతో. ఇంగోటి గూడా చెప్పేది ఉండాది. మీ నాయన చెప్పకుండా పోయినాడే, అది."

గుమ్మం దగ్గర ఆగింది. నావైపు తిరగలేదు.

"రాజికి ఎవురూ బుడ్డి ఇయ్యలే పాపా."

మెట్లు ఒక్కొక్కటే దిగడం వినిపించింది. తరువాత వీధి తలుపు.

కింద గింజలు వేగుతున్నాయి. అవ్వ ఇంకా రాలేదు. పన్నెండు దాటింది.

రాజి అవ్వ కూతురు, నాయనకు చెల్లెలు. వంగితే చెమటలు పట్టి పడిపోయేదట, రాత్రి అవ్వ చెప్పింది. మద్రాసులో కరెంటు పెట్టించి తీసుకొచ్చారు. నా వయసులోనే పోయింది. నేను పడుకున్న ఈ మంచం ఆమెది.